గంపలో పాట

నౌపడ స్టేషను రోడ్డులో నాకు ఫోన్ల దుకాణం ఉంది. రీఛార్జీలు చేస్తాను, ఛార్జింగు పిన్నులు మారుస్తాను, పగిలిన అద్దాలు తీసి కొత్తవి వేస్తాను, చిప్పుల్లో పాటలు ఎక్కిస్తాను. ఇప్పుడు అందరి చేతిలోనూ నెట్టు ఉంది కాబట్టి ఆఖరిదానికి గిరాకీ తగ్గింది కానీ, ఈ ఊరి మనుషులు నాకు అర్థమైంది ఆ చిప్పుల వల్లనే. మెడనిండా రుద్రాక్షలు వేసుకొచ్చి, అటూ ఇటూ చూసి, రికార్డింగు డాన్సు పాటలు ఉన్నాయా అని గుసగుసగా అడిగినవాళ్ళు నాకు తెలుసు. వీధినంతా గడగడలాడించే ఒక పెద్దమనిషి చిప్పులో మొదలునుంచి చివరిదాకా జోలపాటలే ఉండడం చూశాను. ఏం పాటలు వింటున్నావని మనిషిని అడిగితే గొప్పకి ఏదో ఒకటి చెబుతాడు. చిప్పు అలా చెప్పదు. ఇన్ని చూసిన నాకు ఒక్క చిప్పు చేతిలోకి తీసుకోవాలంటే మాత్రం ఒళ్ళు జలదరించేది. అది అత్త చిప్పు.

అత్త పోయింది. ఆవిడతో కలిసి చేపలు అమ్ముకునే ఒకామె పాసింజరు దిగి, గంప కూడా దించకుండా నా గుమ్మంలో నిలబడి ఆ కబురు చెప్పింది. జ్వరం వచ్చిందిట, పడుకుందిట, లేవలేదుట. నాకు ఆవిడ చుట్టం కాదు. మాది వరి పండించుకునే కుటుంబం, వాళ్ళది ఉప్పుమళ్ళకి అవతల సముద్రం ఒడ్డున పల్లె. నన్ను మొదటిరోజే అల్లుడూ అని పిలిచింది, నేను అత్తా అన్నాను, అంతే.

చూడ్డానికి వెళ్ళాను. అక్కడ నాకు భయం వేసింది. ఏడవడానికి అందరూ ఏడ్చారు. ముక్కులు చీదారు, కళ్ళు తుడుచుకున్నారు. కానీ రాగం తీసి, మాట కట్టి, పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తారే, ఆ ఏడుపు ఒక్కరి నోటా రాలేదు. చుట్టుపక్కల ఏ పల్లెలో ఎవరు పోయినా బండి పంపించి తీసుకెళ్ళి మరీ ఏడిపించుకునేవారు అత్త చేత. అలాంటి మనిషి పక్కన ఆడవాళ్ళందరూ నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. రాగం తప్పితే ఆవిడ లేచి తిడుతుందని జంకినట్టున్నారు.

జంకారంటే జంకరూ మరి? అత్త తిట్లు అలాంటివి.

మధ్యాహ్నం బండికి దిగేది. ఖాళీ గంప నా మెట్టు మీద బోర్లించి, దాని పక్కన చతికిలబడి, నిప్పు నోట్లోకి వచ్చేట్టు చుట్ట పెట్టుకుని అడ్డపొగ వేసేది. బొడ్డు దగ్గరనుంచి ప్లాస్టిక్ సంచి తీసి, దాన్ని విప్పి, అందులోంచి బటన్ల ఫోను తీసేది. వెనక పెద్ద స్పీకరు ఉన్న రకం. ఆ ఫోను నిండా ఏడుపులే. ఏ చావుకి వెళ్ళినా బొడ్లో దాన్ని రికార్డింగులో పెట్టి ఉంచేది. తను వెళ్ళలేని చావులవి చుట్టాల ఫోన్లలోంచి తెప్పించుకునేది. మిగతావాళ్ళు కొత్త సినిమా పాట వచ్చిందని చెవికి ఫోను ఆనించినట్టే, అత్త కూడా వచ్చినవాళ్ళ చెవికి ఫోను ఆనించేది.

"ఇది ఇను అల్లుడూ. మొన్న పోయిన ముసలోడికి కోడలు ఏడిసినాది. ఎంత బాగ ఏడిసినాదో సూడు."

రీఛార్జికి వచ్చినవాళ్ళు ఆ గొంతు వినగానే చెంపలు వేసుకుని రోడ్డు అవతలకి వెళ్ళి నిలబడేవారు. మా ఆవిడ కడుపుతో ఉన్న నెలల్లో దుకాణం వైపు రావడమే మానేసింది. అత్తకి అదేం పట్టేది కాదు. కళ్ళు మూసుకుని, తల చిన్నగా ఊపుతూ వినేది. నచ్చిన చోట నవ్వేది కూడా. నిజం చెప్పాలంటే నాకు ఆ ఏడుపుల కంటే ఆ నవ్వే ఎక్కువ భయం.

నచ్చకపోతే మాత్రం వదిలేది కాదు. ఫలానా కూతురికి దుఃఖం ఎక్కువైపోయి మాట తక్కువైందని విసుక్కునేది. ఒకామె సినిమా పాట వరస తెచ్చి తండ్రి మీద పెట్టిందని ఆ చావు ఊసు వచ్చినప్పుడల్లా ఉమ్మేసేది. పోయినవాడిని దేవుడని, రాజని పొగిడే ఏడుపులంటే ఆవిడకి చిరాకు. ఆ మనిషి అన్నంలో ఏం కలుపుకునేవాడు, ఏ పక్కకి తిరిగి పడుకునేవాడు, ఎవరి మీద అలిగేవాడు, అవన్నీ చెప్పాలిట. అవి చెప్పనిదాన్ని ఏడుపు అనకూడదుట. వినగా వినగా నాకూ కొంత తెలిసింది. ఒకసారి ఒక రికార్డింగు విని ఇది బాగుందే అన్నాను. అత్త ఎంత సంబరపడిందో! ఆ పూట నాకు రెండు కవ్వళ్ళ చేపలు ఆకులో చుట్టి ఇచ్చి వెళ్ళింది.

ఒకరోజు చిప్పు నిండిపోయిందని తెచ్చింది. పాతవి కంప్యూటర్లోకి దించి, చిప్పు ఖాళీ చేసి ఇమ్మని చెప్పి టీ తాగడానికి వెళ్ళింది. దించేటప్పుడు సరిగ్గా వస్తున్నాయో లేదోనని కొంచెం కొంచెం వినడం నా అలవాటు. అలా వింటూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. గొంతు అత్తదే. వెనక జనం లేరు, డప్పు లేదు, గాలి మాత్రం ఉంది. ఉప్పుమళ్ళలో ఎవరూ లేనిచోట కూర్చుని పాడినట్టుంది.

"తొలి ముద్ద కాకికి ఎట్టందే తిననోడివి నాయినా, ఉప్పునీళ్ళు ఎలగ మింగినావు నాయినా. ఎడం సెయ్యి తలకింద ఎట్టుకుంటే గాని నిద్దరట్టనోడివి నాయినా, ఏ కెరటం మీద తలెట్టినావు నాయినా. నా సితికి కొరివి నువ్వెడతావనుకున్నాను నాయినా, ఇంకెవుడెడతాడు నాయినా."

ఆ తర్వాత పేరు పెట్టి పిలిచింది. అది ఆవిడ కొడుకు పేరు. ఇంట్లో పిలుచుకునే పేరు. ఆ కొడుకు ఆ ఉదయమే నా దుకాణంలో కూర్చుని ఫోనుకి కొత్త అద్దం వేయించుకుని, నన్ను బావా బావా అని ఆట పట్టించి, ఈల వేసుకుంటూ పల్లెకి వెళ్ళాడు. పెళ్ళీడుకొచ్చిన మనిషి, గట్టి ఒళ్ళు, ఏ జబ్బూ లేదు. పైగా అది ఒక్కటే కాదు. అదే ఏడుపు మళ్ళీ మళ్ళీ పాడి ఉంది. ఒకదాంట్లో కాకి ముద్ద లేదు, ఇంకోదాంట్లో ఎడం చెయ్యి లేదు. మెరుగుపెట్టుకుంటూ వచ్చినట్టుంది.

అత్త టీ తాగి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా మొహం చూడగానే ఏది విన్నానో తెలిసిపోయింది. దాచుకోలేదు, తడబడలేదు. ఎప్పుడూ అడిగినట్టే ఎలా ఉందని అడిగింది.

బతికున్నవాడి మీద ఇదేం పని అత్తా అన్నాను. పైన తథాస్తు దేవతలు ఉంటారన్నాను. చెరిపేస్తానన్నాను కూడా. అత్త మెట్టు మీద కూర్చుంది. చుట్ట తియ్యలేదు.

"ఊరందరికీ ఏడిసినాను అల్లుడూ. నా మొగుడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు నా నోరు పెగల్నేదు. జనం నా మొకమే సూస్తన్నారు. నోట్లో ఒక్క మాట నేదు. ఎవులో పరాయోళ్ళు ఏడిసినారు. ఆయన సంగతి ఆలకేటి తెలుసు? దిక్కునేనోడిలాగ ఎల్లిపోనాడు. ఈడు అచ్చం అయ్యలాటోడు. గాలి సూడడు, నీరు సూడడు. ఇంకోపాలి నాను ఉత్త నోటితో కూకోను."

ఆ పాట చెరపకుండా చిప్పు ఇచ్చేశాను. భర్తని పోగొట్టుకున్న మనిషి. కొడుకు ఒక్కడే. వాడు సముద్రం మీదికి వెళ్ళిన ప్రతి ఉదయం ఈవిడ ఆ పాట వింటోందని ఆరోజు తెలిసింది. అందరికీ వినిపించే మనిషి, అదొక్కటి ఎవరికీ వినిపించకుండా చెవికి నొక్కుకుని వినేదిట.

దీపావళి దాటాక సముద్రం మీద అల్పపీడనం పట్టింది. వేటకి వెళ్ళొద్దని ఫోన్లకి మెసేజీలు వచ్చాయి. పల్లెలో బోట్లు ఇసక మీదికి లాగేశారు. ఒక్క బోటు వాళ్ళు మాత్రం వెళ్తామన్నారు. గాలివాన ముందు చేప బాగా పడుతుందని, ఎవరూ దిగనప్పుడు దిగితే వల నిండుతుందని ఆశ. ఆ బోటులో అత్త కొడుకు ఉన్నాడు. అత్త కాళ్ళావేళ్ళా పడిందిట. బట్టల మూట దాచేసిందిట. కొడుకు నవ్వి, వెతుక్కుని తీసుకున్నాడుట. బోటు నడిపే సరంగు దగ్గరికి వెళ్ళి మొత్తుకుంటే, నీ ఒక్కదాని కొడుకేనా ఎక్కుతున్నది అన్నాడుట.

ఇదంతా ఆవిడ నాకు చెప్పింది ఆ మధ్యాహ్నమే. దుకాణానికి వచ్చి పెద్ద సౌండు వచ్చే బాక్సు కావాలంది. చిప్పు పెడితే పాడే రకం ఉంది, చూపించాను. అందులో ఒక్క పాటే ఉండాలి, మిగతావి తీసెయ్యమంది. ఏ పాటో అడగక్కర్లేకపోయింది. ఎవరికి వినిపిస్తావని మాత్రం అడిగాను.

"బోటోళ్ళకి. ఏడుపు అయిపోనోణ్ణి ఏ బోటూ ఎక్కించుకోదు అల్లుడూ."

ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళ పల్లెలో ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు గాలికి కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున తేలాడు. ఈలోగా ఇక్కడ పోయాడనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చేశారు. మనిషి నిక్షేపంగా తిరిగొచ్చాడు, అందరూ సంతోషించారు, కానీ మళ్ళీ ఏ బోటూ ఆయన్ని ఎక్కించుకోలేదు. ఏడుపు పాడేశాక ఆ మనిషి సముద్రానిదే అంటారు. తనదాన్ని తీసుకోవడానికి సముద్రం వస్తుందిట, పక్కనున్నవాళ్ళని కూడా కలిపి తీసుకుంటుందిట. ఆయన ఇప్పటికీ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు.

కానీ అక్కడ పొరపాటున ఏడ్చారు. ఇక్కడ కన్నతల్లి కావాలని ఏడవడం వేరు కదా. అత్తా, నువ్వు అన్నమాట నిజమైపోతే? అన్నాను.

"నా నోటితో నానే సంపుకుంటే ఆడు బతుకుతాడు," అంది.

ఎక్కించాను. బాక్సు మీట ఎక్కడుందో ఆవిడకి తెలీదు, చూపించినా ఇంకోటి నొక్కుతోంది. నా బండి మీదే తీసుకెళ్ళాను. వెనక కూర్చుని గంప ఒళ్ళో పెట్టుకుంది. గంపలో బాక్సు, దాని మీద చేపలకి కప్పే తడిగుడ్డ. దారికి రెండు పక్కలా ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి రాళ్ళు పెట్టారు. తూర్పునుంచి గాలి ఆగకుండా కొడుతోంది. దారిపొడుగునా అత్త చేపలు అమ్మడానికి వెళ్తున్నదానిలాగే కూర్చుంది.

ఒడ్డున బోటులోకి డీజిలు డబ్బాలు, వలలు చేరుస్తున్నారు. కొడుకు అక్కడ లేడు, ఐసు తేవడానికి వెళ్ళాడు. అత్త గంప ఇసక మీద దించి, గుడ్డ తీసి, మీట నొక్కింది.

సముద్రం హోరులో మొదట ఎవరికీ వినపడలేదు. తర్వాత ఒకడు తల తిప్పాడు. ఇంకొకడు డబ్బా కిందపెట్టాడు. పల్లెలో అందరికీ తెలిసిన గొంతు అది, వాళ్ళ తాతలకీ తండ్రులకీ ఏడ్చిన గొంతు. ఎవరు పోయారని అనుకున్నారో ఏమో, ఒకాయన తలపాగా కూడా తీశాడు. కొరివి ఎవడు పెడతాడని అడిగిన దగ్గరికి వచ్చింది. ఆ వెంటనే పేరు వచ్చింది. అప్పుడు అందరూ అత్త వైపు చూశారు. పాట గంపలోంచి వస్తోంది, అత్త నోరు మూసుకుని నిలబడి ఉంది. అలాంటిది నేను ఇంకెప్పుడూ చూడకూడదు.

సరంగు బోటెక్కి, అత్త కొడుకు బట్టల మూటా, అన్నం గిన్నే వెతికి తీసి, రెండు చేతులా పట్టుకుని దిగి, ఇసక మీద పెట్టాడు. పెట్టి చేతులు సముద్రంలో కడుక్కున్నాడు.

అప్పుడు వచ్చాడు కొడుకు, భుజం మీద ఐసు దిమ్మ పెట్టుకుని. తన మూట ఇసక మీద ఉండడం చూశాడు. తన పేరు విన్నాడు. ఐసు కిందికి జారిపోయింది. ఏటిదమ్మా అన్నాడు. ఇంకొంచెం విన్నాడు. తర్వాత గంపని ఒక్క తాపు తన్నాడు. బాక్సు దొర్లుకుంటూ తడి ఇసకలో పడింది. అక్కడ కూడా కాసేపు పాడుతూనే ఉంది, కెరటం వచ్చి దాని మీద పడేదాకా.

బోటు అతను లేకుండానే వెళ్ళింది. గాలివాన దారి మార్చుకుని ఒడిశా వైపు పోయింది. వెళ్ళిన వాళ్ళు వల నిండా చేపతో, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. అదే అత్త మీద పడ్డ పెద్ద దెబ్బ. ఆ బోటు తిరిగిరాకపోయి ఉంటే, పాపం శమించుగాక, కొడుకు ఆవిడ కాళ్ళు పట్టుకునేవాడు. అది క్షేమంగా వచ్చింది కాబట్టి ఆవిడ ఉత్త పుణ్యానికి కన్నకొడుకుని చంపుకున్న మనిషి అయింది. కొడుకు తక్కిన బోట్ల వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ అడిగాడు. కాదని ఎవరూ నోటితో చెప్పలేదు, మొహం తిప్పుకుని తాడు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

గరివిడిలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో పని దొరికితే వెళ్ళిపోయాడు. బండెక్కేముందు నా దగ్గర ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాడు. అమ్మకి చెప్పావా అన్నాను. తల్లి నోటితో చచ్చినోడికి తల్లెక్కడిది బావా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఏ పక్క నిలబడి తిట్టాలో తోచలేదు.

ఆ తర్వాత అత్త ఏడుపులు వినడం మానేసింది. చావులకి పిలిచినా గొంతు బాగోలేదని వెళ్ళేది కాదు. అలాగని ఫోను మానలేదు. బండి దిగి, గంప బోర్లించి, బటన్లు నొక్కి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. కాసేపటికి తీసి, మళ్ళీ నొక్కి, మళ్ళీ పెట్టుకునేది. ఇప్పుడేం వింటున్నావని అడిగాను. పాత అలవాటు ప్రకారం నా చెవికి ఆనించింది. మంచి హుషారైన పాట, పెళ్ళి ఊరేగింపుల్లో వాయించేది. సగంలో తెగిపోయింది, మీరు పిలిచిన వారు స్పందించడం లేదని కంపెనీ గొంతు చెప్పింది.

కొడుకు కాలర్ ట్యూను అది. అతను ఫోను ఎత్తడు, ఈవిడ పెట్టెయ్యదు. ఎత్తేవరకూ మోగే ఆ పాటే ఆవిడకి దొరికేది.

"మావోడు మార్సినాడు అల్లుడూ," అనేది ఒక్కోరోజు. "నిన్న దాకా ఇంకోటుండీది. ఇది బాగున్నాది, ఇను."

అది మారిన రోజు అత్త మొహం చూడాలి. పాట మార్చాడంటే బతికి ఉన్నాడన్నమాట, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నాయన్నమాట, ఒంట్లో బాగుందన్నమాట. విషాదం పాట పెట్టినప్పుడు మాత్రం రెండు మూడు రోజులు అన్నం సహించేది కాదు. గరివిడి వైపు నుంచి వచ్చే బండి దిగినవాళ్ళనల్లా ఆపి, ఫ్యాక్టరీలో ఏమైనా అయిందా అని అడిగేది. అక్కడ కొలిమి పక్కన పని కదా, నీకు భయం లేదా అని ఒకసారి అన్నాను. నా పాట సంద్రానికి తెలుసు గాని నిప్పుకి తెల్దు అంది. అంత ధైర్యంగా అన్న మనిషి వెంటనే ఫోను తీసి నంబరు నొక్కింది.

నాకు అత్తంటే ఇష్టమని అప్పటికి గాని నాకే తెలియలేదు. ఆ ఏడుపులకి జడిసి ఇన్నాళ్ళూ దూరం దూరంగా కూర్చునేవాడిని. కొడుకు ఎత్తని ఫోను చెవికి పెట్టుకుని, పెళ్ళి పాటకి తల ఊపుతున్న ఆ మనిషిని చూస్తే మాత్రం లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించేది. కూర్చున్నాను కూడా. ఇద్దరం కలిసి ఎన్ని పాటలు సగం సగం విన్నామో.

అత్త పెద్దకర్మ అయిన మర్నాడు కొడుకు దుకాణానికి వచ్చాడు. గుండు మీద ఎండ పడుతోంది. మనిషి సన్నబడ్డాడు, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు ఉన్నాయి. ఫోను నా ముందు పెట్టి కాలర్ ట్యూను తీసెయ్యమన్నాడు. ఇంకెవరు వింటారులే అన్నాడు.

నేను ఉండబట్టలేకపోయాను. ఒక్కసారంటే ఒక్కసారి ఎత్తితే నీ సొమ్మేం పోయేది, ఆవిడ ఎన్నిసార్లు చేసేదో నీకు తెలుసా అని గట్టిగానే అడిగాను.

"ఎత్తితే పాట ఆగిపోద్ది కదా బావా," అన్నాడు. "ఆవిడ ఇంటాదని తెలుసు. ఆవిడ కోసవే మార్సీవోణ్ణి."

తల వంచుకుని ట్యూను తీసేశాను. తీసిన సంగతి కంపెనీ మెసేజీ పంపింది. అతను దాన్ని చాలాసేపు చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ, గోడకి వేలాడుతున్న ప్లాస్టిక్ కవర్ల వైపు చెయ్యి చూపించాడు. నీళ్ళు పోకుండా ఫోను పెట్టుకుని మెడలో వేసుకునేవి. వేటకి వెళ్ళేవాళ్ళు తప్ప ఎవరూ కొనరు వాటిని.

ఫ్యాక్టరీలో ఇదెందుకు అన్నాను, తెలిసే అన్నాను.

కాటి దగ్గర సరంగు వచ్చి కలిశాడుట. ఆ రోజు పాటలో మీ అమ్మ తన చితికి కొరివి ఎవడు పెడతాడని అడిగింది, ఇప్పుడు నువ్వే పెట్టావు, ఆ పాట చెల్లిపోయింది అన్నాడుట. అక్కడున్న పల్లె పెద్దలందరూ అవునన్నారుట. బోటుకి మనిషి ఒకరు తగ్గారు, పెద్దకర్మ అవగానే వచ్చెయ్యమన్నాడుట.

మీ అమ్మ ఎందుకు పాడిందో నీకు తెలీదా అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. గరివిడి పని మంచిది కదా అని, గాలి మళ్ళీ తూర్పునుంచి కొడుతోంది కదా అని. అతను కోప్పడలేదు. ప్లాస్టిక్ కవరు విప్పి, అందులో ఫోను పెట్టి, మూత బిగించి, సరిపోయిందో లేదో చూసుకున్నాడు.

"అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒడ్డునే ఉన్నాను కదా బావా," అన్నాడు.

స్టేషనులో గరివిడి వైపు వెళ్ళే పాసింజరు ఆగి ఉంది. మనసు మార్చుకుని అటు వెళ్తాడేమోనని గుమ్మంలోకి వచ్చి చూశాను. ఇప్పుడు అతనికి అడ్డం పడడానికి ఎవరూ లేరు. బండి కూత వేసి కదిలింది. అతను మెడలో కవరు సర్దుకుంటూ ఉప్పుమళ్ళ దారి పట్టాడు.